ఆకురాయి ఆడించే మిషను: నా షెడ్డు డైరీ

జూన్ 9

కుడి మోచెయ్యి మళ్ళీ పట్టేసింది. కారణం ‘ణ’. ఊళ్ళో రామాలయం పక్కన కొత్తగా కడుతున్న కళ్యాణ మండపం ఆర్చికి ఇత్తడి అక్షరాలు చేసిస్తానని ఎవరూ బలవంతం చెయ్యకుండానే నేనే ఒప్పేసుకున్నాను. ‘శ్రీ సీతారామాంజనేయ కళ్యాణ మండపం’ అని ఆరంగుళాల ఎత్తులో 14 అక్షరాలు, కింద దాతల పేర్లు రెండంగుళాలవి, అన్నీ కలిపి 71. ప్లేటు మందం 5 మిల్లీమీటర్లు. కార్తీకంలో ప్రారంభం అన్నారు కదా, చాలా టైముందిలే అనుకున్నా. ఒక్క ‘ణ’ లోపలి వంపులు చేత్తో ఆకురాయి (ఫైలు) పట్టి రాకేసరికి రెండు పూటలు పట్టింది, అదీ అక్కడక్కడా ఎలక కొరికినట్టుంది.

తెలుగు అక్షరం రాయడానికి ఎంత ముద్దుగా ఉంటుందో, ఆకురాయి పట్టినవాడి ప్రాణం అంతగా తీస్తుంది. ఒక్కటీ నిలువు గీత కాదు, అన్నీ వంపులూ సుడులే, పైగా ఆ వంపు లోపలివైపు. బయటి అంచు ఎలాగోలా గ్రైండరుతో లాగించొచ్చు గానీ లోపలికి ఏం దూరుతుంది? సున్నలు మాత్రం హాయి, ఆరింటిని లేత్ మీద బాబాయ్ అరగంటలో తీసి చేతిలో పెట్టాడు. మిగతావి సన్న రంపంతో కోసి, ఆకురాయితో సాపు చెయ్యాల్సిందే. లేజర్ కోత షాపులో అడిగితే వాళ్ళ దగ్గరున్న మిషను ఇత్తడి మీద పని చెయ్యదనీ, కాంతిని వెనక్కి కొట్టేస్తుందనీ చెప్పారు.

నా అసలు పని రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లూ గేరుబాక్సులూ బాగు చెయ్యడం. రాజోలు దగ్గర వశిష్ట గోదావరి గట్టుని ఆనుకుని మా షెడ్డు. తిరిగే మోటార్లు మూల నిండా పడున్నాయి. తిరిగేదాన్ని ముందుకీ వెనక్కీ ఆడేలా చేస్తే నా మోచెయ్యి బతుకుతుంది. ఇంతే ప్రాజెక్టు.

జూన్ 15

ఇంట్లో ముందుకీ వెనక్కీ ఆడేది ఒకటుంది, అమ్మ కుట్టుమిషను. ఇదేం నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. 1946లో స్విట్జర్లాండులో సింటిల్లా అనే కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ కౌఫ్‌మన్ వాళ్ళావిడ కుట్టుమిషనుకి సూది తీసేసి రంపం బ్లేడు పెట్టి చూశాడు. ఇవాళ మన వడ్రంగులందరి చేతుల్లో ఉన్న జిగ్‌సా అలా పుట్టింది, తర్వాత ఆ కంపెనీని బాష్ కొనుక్కుంది. వాళ్ళావిడ ఏమందో ఎవరూ రాయలేదు గానీ మా అమ్మ అన్నది రాస్తున్నా: “ఒరేయ్, నీ పెళ్ళి బట్టలు కుట్టిన మిషనురా అది, దానికి సూది పీకి రాళ్ళు పెడతావా?”

పెట్టాను. చిన్న సూది ఆకురాయి తోక గ్రైండ్ చేసి సూది పట్టే స్క్రూలో బిగించా. కొలిస్తే సూది కడ్డీ పైనుంచి కిందకి 31 మిల్లీమీటర్లు నడుస్తోంది. నెమ్మదిగా తొక్కుతూ ఇత్తడి ముక్క ఆనించాను, పసుప్పచ్చగా పొడి రాలింది, అమ్మ కూడా ఒక క్షణం తిట్టడం ఆపి చూసింది. కానీ ఆకురాయి పైకి వెళ్ళినప్పుడల్లా ముక్కని కూడా ఎత్తుకుపోతోంది, కింద కొస వదులుగా ఉండటంతో పక్కకి వంగుతోంది. నాలుగో నిమిషంలో టక్కున విరిగింది.

విరిగినా రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, కోత కిందకి దిగేటప్పుడే జరగాలి, అప్పుడు ముక్కని టేబులే మోస్తుంది, నేను పక్కనుంచి ఆనిస్తే చాలు. అంటే పళ్ళు కిందకి చూడాలి. రెండోది, యంత్రమంతా టేబులు కింద ఉండి ఆకురాయి ఒక్కటే చిల్లులోంచి పైకి రావాలి, అప్పుడు ఎంత పెద్ద అక్షరమైనా చుట్టూ తిప్పుకోవచ్చు. డైలు (అచ్చులు) చేసేవాళ్ళు వాడే ఫైలింగ్ మిషన్లు సరిగ్గా ఇలాగే ఉంటాయి. కొత్తది కొనాలంటే నా అక్షరాల కూలీ అంతా దానికే పోతుంది.

జూన్ 24

వారమంతా చూసిన ప్రతిదాన్నీ ఇది ఎలా ఆడుతోంది అనే దృష్టితోనే చూశాను. పాలకొల్లులో తల కత్తిరించుకోవడానికి వెళ్తే అక్కడా అదే. ఆ క్లిప్పర్లో తిరిగేదే లేదు, కాయిలూ ఇనప నాలికా అంతే. మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక్కో తరంగంలో కాయిలు రెండుసార్లు లాగుతుంది, అంటే సెకనుకి 100, నిమిషానికి 6000. కానీ ఆడేది ఒకటి రెండు మిల్లీమీటర్లు. జుట్టుకి చాలు, ఇత్తడికి నవ్వొస్తుంది.

బాబాయ్ లేత్ షాపులో పవర్ హాక్సా, అంటే మోటారుతో ఇనుము కోసే రంపం, ఉంది. పెద్ద చక్రం, దాని మీద పక్కకి జరిపిన పిన్ను, పిన్ను నుంచి పొడుగాటి కనెక్టింగ్ రాడ్డు. ఈ క్రాంకు పద్ధతి ఎంత పాతదంటే, ఇప్పటి టర్కీలో హీరాపోలిస్ అనే చోట మూడో శతాబ్దపు రాతి శవపేటిక మీద నీటి చక్రంతో రాళ్ళు కోసే జంట రంపాల బొమ్మ చెక్కి ఉంది, అందులో క్రాంకూ రాడ్డూ రెండూ ఉన్నాయి. హాక్సా దగ్గర నిలబడి చూస్తే ఇంకోటి కనపడింది. రంపం లాగేటప్పుడు కోస్తుంది, తిరిగి వెళ్ళేటప్పుడు కాస్త పైకి లేస్తుంది. పళ్ళు వెనక్కి ఒరుసుకుంటే మొద్దుబారిపోతాయి కాబట్టి. మా తాత కాలంలో దుంగలు కోసే రంపం కూడా అంతేనని బాబాయ్ చెప్పాడు, దుంగ మీద ఒకడు, కింద ఒకడు, కిందకి లాగేటప్పుడే కోత, పైకి వెళ్ళేటప్పుడు పైవాడు ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే కిందవాడి నోట్లోంచి పొట్టుతో పాటు బూతులు కూడా వచ్చేవట.

నా కాలిపోయిన జిగ్‌సా ఒకటుంటే అదీ విప్పాను. మోటారు కొసన చిన్న పళ్ళచక్రం, అది తిప్పే పెద్ద చక్రం, దాని మీద మధ్యకి కాకుండా పక్కకి దిగ్గొట్టిన పిన్ను. ఆ పిన్ను బ్లేడు రాడ్డుకి అడ్డంగా ఉన్న గాడిలో తిరుగుతుంది. పిన్ను గుండ్రంగా తిరిగినా గాడి పక్కకి జారే భాగాన్ని మింగేసి, పైకీ కిందకీ జరిగే భాగాన్ని మాత్రమే రాడ్డుకి ఇస్తుంది. దీన్నే స్కాచ్ యోక్ అంటారు. యోక్ అంటే కాడే, రాడ్డు మెడ మీద అడ్డంగా కాడిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు సరిపోయింది. దాని వెనకాల ఇంకో ఇనప పలక కూడా ఉంది, బ్లేడు పైకెళ్తే ఇది కిందకి వస్తుంది, అదురు చంపడానికి. 20 మిల్లీమీటర్ల ఆటతో (ఈ కొస నుంచి ఆ కొసకి) నిమిషానికి 3000 సార్లు ఆడితే కొసల దగ్గర రాడ్డు మీద దాని బరువుకి వంద రెట్ల బలం పడుతుంది, లెక్కేసి చూసుకుని రెండోసారి మళ్ళీ లెక్కేశాను. ఆ రాడ్డు అంత సన్నగా, బోలుగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

గోడలు పగలగొట్టే కుర్రాళ్ళ దగ్గర పొడుగు మూతి రంపం ఉంటుందే, 1951లో మిల్వాకీ కంపెనీ సాజాల్ అని తెచ్చిన రకం, వాటిలో కొన్నింట్లో షాఫ్టు మీద వాలుగా ఎక్కించిన బేరింగు ఉంటుంది. షాఫ్టు తిరుగుతుంటే ఆ వాలు తూలుతూ రాడ్డుని ముందుకీ వెనక్కీ తోస్తుంది. చూడ్డానికి బావుంది, నా లేత్ బాబాయ్ చెయ్యలేడు.

మనసు పడ్డది మాత్రం ఇంకోటి. ఒక పెద్ద వలయం లోపల సరిగ్గా సగం వ్యాసం ఉన్న చిన్న చక్రం దొర్లితే, చిన్న చక్రం అంచు మీది చుక్క గీత గీసినట్టు తిన్నగా ముందుకీ వెనక్కీ నడుస్తుంది. 13వ శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ అనే పారశీక పండితుడు గ్రహాల నడక లెక్కల కోసం దీన్ని వాడాడు. గాడి ఒరిపిడి ఉండదు, పక్క తోపు ఉండదు. లోపలి పళ్ళ వలయం కోయించడానికి ఎంతవుతుందో అడిగి, ఫోను పెట్టేసి, స్కాచ్ యోక్‌కే ఫిక్సయ్యాను.

క్రాంకూ కనెక్టింగ్ రాడ్డూ ఎందుకు వద్దనుకున్నానంటే, రాడ్డు పొట్టిగా ఉంటే కదలిక వంకరవుతుంది. రాడ్డు పొడుగు క్రాంకుకి నాలుగింతలే ఉంటే ఒక కొసన కుదుపు పాతిక శాతం ఎక్కువ, రెండో కొసన పాతిక శాతం తక్కువ. పొడుగు పెంచితే సర్దుకుంటుంది గానీ టేబులు కింద నాకు అంత చోటు లేదు, కూర్చుని పని చెయ్యాలి. స్కాచ్ యోక్‌లో రెండు కొసలూ ఒక్కలాంటివే, ఊయలలాగా.

జూలై 6

సామాను. పాత ఇనుము కొట్లో అర హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు, 1440 ఆర్‌పీఎం, 900 రూపాయలు, కెపాసిటరు కొత్తది వేశా. ఏరియేటరు షాఫ్టు ముక్క ఒకటి మన దగ్గరే ఉంది. పైకీ కిందకీ ఆడే రాడ్డుకి 20 మిల్లీమీటర్ల బ్రైట్ బారు (నున్నటి ఇనప కడ్డీ) 220 పొడవు, అది జారడానికి రెండు గన్ మెటల్ (ఒక రకం కంచు) బుష్‌లు. కాడి 10 మిల్లీమీటర్ల ప్లేటులో కోశా. పిన్ను డిస్కు మధ్య నుంచి 12 మిల్లీమీటర్లు పక్కకి, అంటే ఆట 24. పిన్ను మీద 6000 నంబరు బేరింగు వేశా, 26 మిల్లీమీటర్ల వ్యాసం, అది గాడిలో దొర్లుతూ తిరుగుతుంది కదా, ఒరిపిడే ఉండదు అని నా తెలివి. ఈ తెలివి గురించి ఆగస్టులో మాట్లాడదాం.

రాడ్డూ కాడీ కలిపి తూకం 700 గ్రాములు. తూచింది చేపల కాటాలో, వాసన ఇంకా పోలేదు.

జూలై 13

టేబులు నడిచింది. అతిశయోక్తి కాదు, గోడ దగ్గర్నుంచి తలుపు దాకా రెండడుగులు నడిచింది.

ప్లాను ప్రకారం మోటారుకి రెండంగుళాల పుల్లీ, షాఫ్టుకి ఎనిమిదంగుళాలది, నిమిషానికి 360 ఆటలు. ఎనిమిదంగుళాల పుల్లీ కొట్లో లేదు, వచ్చే వారం అన్నాడు. నాలుగంగుళాలది ఉంది. వారం ఆగొచ్చు. ఆగలేదు. 720 అయింది, అంతేగా, రెట్టింపేగా అనుకున్నా.

రెట్టింపు కాదు. కొసల దగ్గర రాడ్డుని ఆపి వెనక్కి తిప్పే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 360 దగ్గర నా 700 గ్రాముల రాడ్డుకి సుమారు కిలో రెండొందల బలం చాలు. 720 దగ్గర అది 5 కిలోలకి దగ్గర, అది సెకనుకి 12 సార్లు పైకోసారి కిందకోసారి. మోటారుకి నేరుగా బిగించి ఉంటే 19 కిలోలు దాటేది, ఆ ఆలోచన కూడా ఒక రాత్రి చేశాను, దేవుడు కాపాడాడు. డబ్బాలోని మేకులు, టీ గ్లాసు, తమ్ముడి ఫోను వరసగా కింద పడ్డాయి. తమ్ముడు “అన్నయ్యా, దీన్ని తీసుకెళ్ళి వరి కుప్ప నూర్చు” అన్నాడు.

డిస్కుకి పిన్ను ఎదురు వైపు బరువు కట్టాలి. ఇక్కడో చిక్కుంది. 700 గ్రాములకీ సరిపోయే పూర్తి బరువు కడితే పైకీ కిందకీ అదురు పోతుంది, కానీ ఆ బరువు గుండ్రంగా తిరిగేది కాబట్టి అదే అదురు ఇప్పుడు పక్కలకి మొదలవుతుంది. అందుకని సగానికి కడతారు, అటు సగం ఇటు సగం. 350 గ్రాములు 12 మిల్లీమీటర్ల దగ్గర అంటే 40 మిల్లీమీటర్ల దగ్గర 105 గ్రాములు. సీసం ముక్క బోల్టు కింద వేశా. ఎనిమిదంగుళాల పుల్లీ వచ్చాక ఈ రెండూ కలిసి టేబులుని కూర్చోబెట్టాయి. టీ గ్లాసు పెడితే వలయాలు పడుతున్నాయి, గ్లాసు జరగట్లేదు.

జూలై 28

పని లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక, 10 లక్షల క్యూసెక్కులు వదులుతున్నారు. గట్టు లోపలి లంకల్లోంచి పశువుల్ని ఎక్కించుకొస్తున్నారు. 13.75 వస్తే రెండోది. మోటారు విప్పి అటక మీద పెట్టా, మిగతాది అంత బరువు నేనొక్కణ్ణీ ఎత్తలేక గోనెపట్టా కప్పి వదిలేశా.

ఆగస్టు 11

నీళ్ళు షెడ్డులోకి రాలేదు. తేమ వచ్చింది. బ్రైట్ బారు బుష్‌లో బిగుసుకుపోయి సుత్తితో కొడితే గానీ రాలేదు, మీద ఎర్రగా తుప్పు మచ్చలు. సముద్రం గాలీ గోదారి తేమా కలిసే చోట మెరిసే ఇనుముకి గ్రీజు పెట్టకుండా వదిలేస్తే రెండు వారాలు ఎక్కువ. తప్పు నాదే. సన్న ఎమరీ పేపరు నూనెలో ముంచి రుద్దా, చేత్తో తోస్తే మళ్ళీ జారుతోంది కానీ కాస్త వదులైంది.

ఆగస్టు 17

చప్పుడు. టక్ టక్ టక్ అని, వడ్రంగి పిట్ట షెడ్డులో కాపురం పెట్టినట్టు.

నాకు డౌటు లేదు, ఇది కొసల దగ్గరే. పైకి పోయి ఆగి కిందకి తిరిగేది అక్కడే కదా, దెబ్బ తగిలితే అక్కడే తగలాలి. చేత్తో పుల్లీ తిప్పుతూ కొసల దగ్గర ఎంత చెవి పెట్టి విన్నా ఏమీ లేదు. మోటారు వేస్తే టక్ టక్. చేత్తో తిప్పితే శుభ్రం. రెండు రోజులు బుష్‌ల మీద అనుమానపడి వాటిని విప్పి బిగించా.

మూడో రోజు తమ్ముడు ఫోనులో స్లో మోషన్ తీశాడు, సెకనుకి 240 బొమ్మలు. మిషను సెకనుకి ఆరు చుట్లు, అంటే చుట్టుకి 40 బొమ్మలు. కాడి గాడికీ బేరింగుకీ మధ్య వెలుతురు గీత కనపడేలా వెనక టార్చి పెట్టాం. ఒక్కో బొమ్మా జరుపుతూ చూస్తే, వెలుతురు గీత పైనుంచి కిందకి మారేది కొస దగ్గర కాదు. మధ్య దార్లో.

ఇది మింగుడు పడటానికి ఒక పూట పట్టింది. కాగితం మీద గీస్తే వచ్చేసింది. రాడ్డు పైకొస నుంచి దిగేటప్పుడు మొదటి సగంలో పిన్ను దాన్ని కిందకి తోస్తోంది, గాడి కింది గోడకి ఆనుకుని. సగం దాటాక రాడ్డుకి వేగం వచ్చేసింది, ఇప్పుడు పిన్ను దాన్ని ఆపాలి, అంటే పై గోడకి ఆనాలి. గోడ మారేది నడుమ, దెబ్బ అక్కడే. కొస దగ్గర బలం చాలా ఎక్కువే కానీ అది ఒకే గోడ మీద నిలకడగా ఉంటుంది, కొస దాటాక కూడా అదే గోడ. ఊయల కొసన ఆగినప్పుడు బల్ల మీంచి మనం ఎగిరిపోము కదా, అలాగ. రాడ్డు బరువు కూడా కిందకి లాగుతుంది కాబట్టి నా మిషనులో ఆ చోటు నడుమకి పైన ఉంది. చేత్తో తిప్పినప్పుడు ఎందుకు చప్పుడు లేదో కూడా దీంతోనే తేలింది, నెమ్మదిగా తిప్పితే విసురే లేదు, రాడ్డు తన బరువుతో పిన్ను మీద కూర్చునే ఉంటుంది, గోడ మారే పనే లేదు.

ఇంక జూలై నాటి నా తెలివి. బేరింగు పై గోడకి ఆనితే ఒకవైపు దొర్లుతుంది, కింది గోడకి ఆనితే దానికి ఎదురువైపు దొర్లాలి. గోడ మారిన ప్రతిసారీ బయటి రింగు తిరగడం ఆపి వెనక్కి మొదలెట్టాలి, మొదలయ్యే లోపు జారుతుంది, గోడని గీరుతుంది. పైగా రెండు గోడలకీ ఒకేసారి తగలకూడదు కాబట్టి కావాలనే సందు వదలాలి. నేను వదిలిన సందు పావు మిల్లీమీటరుకి పైనే, నెల రోజుల్లో ఇంకా పెరిగింది. ఆ సందే టక్ టక్.

ఆగస్టు 30

బేరింగు పీకేశా. దాని చోట 26 మిల్లీమీటర్ల చదరపు గన్ మెటల్ దిమ్మ, మధ్యలో 10 మిల్లీమీటర్ల చిల్లు పిన్నుకి. దిమ్మ గాడిలో అటూ ఇటూ జారుతుంది, దొర్లదు. గీతలా తగిలే చోట ఇప్పుడు మొత్తం ముఖం తగులుతుంది, సందు దాదాపు లేకుండా బిగించొచ్చు. బాబాయ్ దిమ్మని గాడిలో పెట్టి, తీసి, ఎక్కడ తగులుతోందో తెలియడానికి నీలం రంగు పూసి, మళ్ళీ పెట్టి, గీకి, అలా పదిసార్లు. “అబ్బాయ్, బేరింగు కొత్తగా వచ్చింది గానీ దిమ్మ మా నాన్న నాటి నుంచీ ఉంది, ఆయ్” అన్నాడు, మొదట్లోనే ఎందుకు చెప్పలేదు బాబాయ్ అంటే “నువ్వడిగితేగా” అన్నాడు.

దిమ్మ పైన చిన్న నూనె గుంట, అందులో ఉన్ని పీలిక. చప్పుడు పోయింది. మొత్తంగా కాదు, చెవి ఆనిస్తే తెలుస్తుంది.

సెప్టెంబరు 14

ఇప్పటిదాకా ఆడించడమే. ఈ రెండు వారాలు నిజంగా రాకడం.

24 మిల్లీమీటర్ల ఆట, 360 సార్లు, పోనూ రానూ కలిపితే సగటున నిమిషానికి 17 మీటర్లు, నడుమ వేగం 27 దాకా. ఇత్తడికి బాగా సరిపోయింది. స్టీలు ముక్క పెట్టి చూస్తే ఆకురాయి పళ్ళు వెంటనే మెరవడం మొదలైంది, దానికి సగం వేగం కావాలి, ఇప్పుడు అవసరం లేదు.

ఆకురాయి నిటారుగా లేకపోతే అంతా వృథా. మూలమట్టం టేబులు మీద పెట్టి రెండు వైపుల నుంచీ చూసి బిగించాలి. మామూలు ఆకురాయిలు కొసకి సన్నబడతాయి, అవి పనికిరావు, ఆడుతున్నకొద్దీ గాటు ఒకచోట లోతు, ఒకచోట మెట్టు. మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం ఉన్నవి వెతికి తెచ్చుకున్నా. కొత్త ఆకురాయి ముందు ఇత్తడికి వాడి, పదును తగ్గాకే ఇనుముకి ఇవ్వాలి, తిరగేస్తే ఇత్తడి మీద జారిపోతుంది. పళ్ళ మధ్య ఇత్తడి ఇరుక్కుని గీతలు పడుతుంటే సుద్దముక్క రుద్దా, ఇరుక్కోవడం చాలావరకు ఆగింది.

పైకి వెళ్ళేటప్పుడు ముక్క ఎగరడం మాత్రం వదల్లేదు. హాక్సాలాగా తిరుగు దారిలో ఆకురాయిని వెనక్కి జరిపే ఏర్పాటు చేద్దామని కూర్చుని గీశా, సెకనుకి ఆరుసార్లు జరగాలంటే ఇంకో ఎసెంట్రిక్కూ (మధ్య తప్పి తిరిగే చక్రం) ఇంకో నెలా. మానేశా. బదులుగా టేబులు మీద రెండు కాళ్ళ ఇనప బద్ద ఒకటి, ఆకురాయికి అటో కాలు ఇటో కాలు వేసి ముక్కని అదిమి ఉంచుతుంది. వంకర టింకరగా ఉంది కానీ వేలు కూడా కాపాడుతుంది. దానికి ముందు ఒకసారి ముక్క ఎగిరి టేబులుకి కొట్టుకుని మధ్యలో నా బొటనవేలు ఉంది. గోరు ఇప్పటికీ నల్లగానే ఉంది. కళ్ళజోడు లేకుండా మాత్రం ఎవరూ దీని ముందు కూర్చోవద్దు, ఇత్తడి పొడి కంట్లో పడితే ఇసకలా కాదు, గుచ్చుకుంటుంది.

ఇవాళ రెండో ‘ణ’, దాతల పేరులోది. కోసి ఉన్నదాన్ని లోపల బయట సాపు చెయ్యడానికి 40 నిమిషాలు. మోచెయ్యికి ఏమీ తెలియలేదు.

అక్టోబరు 5

కోత ఇంకా చేత్తోనే నడుస్తోంది. ఇదే మిషనుకి రంపం బ్లేడు కూడా పెడితే?

కంసాలి వాళ్ళు వాడే బ్లేడు 130 మిల్లీమీటర్ల పొడవు, వెంట్రుకకి అన్నయ్య. ఆకురాయిలాగా ఒక కొసనే పట్టుకుంటే నిలబడదు, పై కొసని ఎవరో ఎప్పుడూ లాగి పట్టుకుని ఉండాలి. కిందకి రాడ్డు లాగుతుంది, పైకి స్ప్రింగు లాగాలి. టేబులు వెనక నుంచి చెయ్యిలా ఒక పైపు వంచి, దాని కొసన సైకిలు స్టాండు స్ప్రింగు వేలాడదీశా. నాలుగు నిమిషాలకో బ్లేడు విరిగింది. స్ప్రింగు బరువు, అది తన ఊపు తను ఊగుతోంది, రాడ్డు ఎత్తుతున్న క్షణంలో ఇంకా కిందకే వస్తోంది, బ్లేడు సడలుతుంది, మరుక్షణం జర్క్.

పన్నెండు బ్లేడులు పోయాక పెరట్లో పందిరి కట్టగా మిగిలిన వెదురు కనపడింది. మూడడుగుల బద్ద చీల్చి, మొదలు వెనక బిగించి, కొసకి బ్లేడు పట్టే చిన్న బిగింపు కట్టాను. కొస సన్నగా తేలిగ్గా ఉంటుంది, బిగువేమో మొదలు దగ్గర ఉంటుంది. మూడు కిలోల లాగుడు వచ్చేలా వంచి బ్లేడు తగిలించా. మొదటి బ్లేడు గంటన్నర వచ్చింది. వెదురు ఆడుతుంటే చప్పుడు కూడా లేదు, తూనీగ రెక్కలా మసగ్గా కనపడుతుంది అంతే.

బ్లేడు నంబరు గురించి ఒక మాట, ప్లేటు మందంలో ఎప్పుడూ రెండు మూడు పళ్ళయినా తగులుతూ ఉండాలి. 5 మిల్లీమీటర్ల ప్లేటుకి ఆ బాధ లేదు గానీ మరీ సన్న పళ్ళు వేస్తే పొడి బయటికి రాక బ్లేడు వేడెక్కి పోతుంది. కొవ్వొత్తి రుద్దితే బాగా నడుస్తుంది. మలుపుల దగ్గర తొందరపడితే మాత్రం వెదురూ కాపాడదు, స్కాచ్ యోకూ కాపాడదు.

అక్టోబరు 27

ఈ నెలంతా రెండు మూడు రోజులకోసారి కరెంటు కోత. ‘ళ్యా’ సగంలో ఉండగా పోతే బ్లేడు గాటులోనే ఉండిపోయింది, పుల్లీ చేత్తో తిప్పుతూ అంగుళంన్నర కోశాను. అలా తిప్పుతుంటే బ్లేడు ప్రతి పన్నూ ఇత్తడిని పట్టడం చేతికి తెలుస్తుంది, మోటారుతో ఎప్పుడూ తెలియలేదు.

లెక్క: అయిపోయినవి 58. వేస్ట్ అయినవి 3, అందులో ‘జ’ ఒక్కటే రెండుసార్లు. దాని తోక దగ్గర ఏదో శాపం ఉంది.

నవంబరు 9

71. ఆఖరిది దాతల్లో ఒకాయన ఇంటిపేరులోని ‘ఱ’. పెద్ద అక్షరాలకి వెనక స్టడ్‌లు బ్రేజింగ్ చేయించి ఆర్చికి బిగించాం. కింద నిలబడి చూస్తే మొదట చేత్తో చేసిన ‘ణ’ నాకు తెలిసిపోతోంది, ఇంకెవరికీ తెలియట్లేదు. మార్చనన్నాను.

దిమ్మ విప్పి చూశా, గాడిలో అరుగుదల గోటికి తగలట్లేదు. వెదురు బద్ద మొదలు దగ్గర సన్న చీలిక వచ్చింది, ఇంకోటి చీల్చి నీడన ఆరబెట్టా. రాడ్డుకి గ్రీజు పూసి గుడ్డ చుట్టా, ఈసారి మర్చిపోలేదు.

సాయంత్రం అమ్మ పిలిచింది. జూన్‌లో నేను ఆకురాయి బిగించిన దగ్గర్నుంచీ కుట్టుమిషను కుట్లు వదిలేస్తోందట, ఇన్నాళ్ళూ నా పని అయ్యేదాకా చెప్పకుండా ఊరుకుందట. సూది కడ్డీ దాని బిగింపులోంచి మిల్లీమీటరు పైకి జరిగి ఉంది, సూది దిగే లోతు తగ్గి కింద కొక్కేనికి దారం అందట్లేదు. స్క్రూ వదులు చేసి కిందకి దించి చూశాను. ఇంకా పది కుట్లకి ఒకటి వదులుతోంది. కడ్డీ వంగిందేమో రేపు విప్పి చూడాలి.